రైట్ టైమ్ చూపించని వాచీ

మా వాళ్లకు ఫోన్ గురించి రెండు అభిప్రాయాలున్నాయి. నా చేతిలో ఉన్నప్పుడు అది దరిద్రం. వాళ్లకేదైనా పని పడ్డప్పుడు అదే సరస్వతి. గ్యాస్ బుకింగు, కరెంటు బిల్లు, ఎవరికో వచ్చిన పెళ్లి సంబంధం అబ్బాయి నిజంగానే ఆ కంపెనీలో పనిచేస్తున్నాడా లేదా, అన్నిటికీ ఒకటే మాట: "ఆ పిల్లకియ్యి, చూస్తది." చూసి పెట్టాక, చేతులు కడుక్కున్నంత తేలిగ్గా, "ఎప్పుడు చూడు ఫోన్లనే ఉంటది" అంటారు. నాకు కోపం ఎక్కువని కూడా అంటారు. ఇదంతా పడుతూ కోపం రాని మనిషి ఉంటే ఆ మనిషిని డాక్టరుకు చూపించాలి.

పోయినేడు ఈ సరస్వతి దగ్గరికి వచ్చినవాడు మా మామ. అమ్మకు అన్న. గూడ్స్ రైళ్లలో గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. ముందు ఇంజన్లో ఇద్దరుంటారు. మాట్లాడుకుంటారు, అలిగితే పోట్లాడుకుంటారు. వెనక చివరి డబ్బాలో గార్డు ఒక్కడే. రెండు జెండాలు, ఒక లాంతరు, ఒక వాచీ. సర్వీసు చివర్లో ఆ ఉద్యోగం పేరు మార్చి ట్రైన్ మేనేజర్ అన్నారు. "పేరు మారింది బిడ్డా, డబ్బల ఫ్యాను మాత్రం రాలే" అన్నాడు మామ.

వాచీ గురించి మాత్రం జోకులేసేవాడు కాదు. రోజూ సాయంత్రం నాలుగింటికి కంట్రోల్ ఆఫీసు నుంచి అన్ని స్టేషన్లకూ ఫోన్లో టైం చెప్పేవాళ్లట. స్టేషన్ మాస్టర్లు ఆ టైముకు గడియారాలు కలుపుకునేవాళ్లు. డ్యూటీ ఎక్కే గార్డు ఆ గడియారం చూసి తన వాచీ కలుపుకునేవాడు. కాబట్టి మామ లెక్కలో టైమంటే పైన ఒకడు చెప్పేది, కిందున్న వాళ్లందరూ సెకనుతో సహా పాటించేది. మా ఇంట్లో ఏ ఫంక్షనుకు వచ్చినా అరగంట ముందొచ్చి, అరగంట ఆలస్యంగా వచ్చినవాళ్లను పట్టాలు తప్పినవాళ్లను చూసినట్టు చూసేవాడు.

రిటైరయ్యాక మెట్టుగూడ రైల్వే క్వార్టరు ఖాళీ చేసి, తార్నాకలో రెండో అంతస్తులో అద్దెకు దిగారు. అక్కడి నుంచి రైళ్లు కనబడవు, గాలి ఇటు తిరిగితే కూత మాత్రం వినబడుతుంది. ఇరవై ఇళ్లు చూసి ఇదెందుకు నచ్చిందో మాకెవరికీ అర్థం కాలేదని అత్త అందరితో అనేది. అర్థమయ్యే అనేది. నేను యూనివర్సిటీలో కామర్స్ పీజీ చేస్తున్నాను. ఇల్లు బౌద్ధనగర్‌లోనే అయినా, మధ్యాహ్నం క్యాంటీన్ సాంబారుకు భయపడి అత్తావాళ్లింటికి తినడానికి వెళ్లేదాన్ని. వెళ్లినప్పుడల్లా ఒకటే దృశ్యం. మామ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతికి పాత డ్యూటీ వాచీ పెట్టుకుని సోఫాలో సిద్ధంగా కూర్చుని ఉండేవాడు. ఏ సిగ్నలూ పడేది కాదు.

అలాంటి రోజుల్లో ఒకనాడు అన్నం పెడుతూ అత్త చెప్పింది.

"మీ మామ వాచీ కొంటడట. ఉద్యోగమంత టైమే చూసిండు, సాల్లేదు. ఇప్పుడు పైసలిచ్చి కొనుక్కొని సూస్తడట."

"ఏం వాచీ మామా?"

"గదే" అన్నాడు మామ.

గదే అంటే నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి వింటున్న కథ. మామ కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఏదో చిన్న స్టేషన్లో బండి ఆగి ఉంది. తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసరు ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచొచ్చి, "గార్డు సాబ్, టైం ఎంత?" అని అడిగాడు. ఆయన చేతికి స్విస్ వాచీ ఉంది. నల్ల డయల్, అంకెలకు బదులు సన్నటి తెల్ల గీతలు. మామ టైం చెప్పాడు. ఆఫీసరు తన వాచీ ముల్లు కొద్దిగా తిప్పుకుని వెళ్లిపోయాడు. అంతే కథ. ఇందులో నీతి ఏమిటో చెప్పేవాడికీ తెలియదు, వినేవాళ్లకూ తెలియదు. ఆ వాచీ మాత్రం మామ కళ్లలోంచి పోలేదు.

ఆ కంపెనీ వాచీ ఇప్పుడు షోరూములో కొనాలంటే మామ ఇంకోసారి పుట్టి ఇంకో సర్వీసు చేయాలి. అందుకని పాత ఖరీదైన వస్తువుల్ని వేలం వేసే ఒక యాప్ ఎక్కించుకున్నాడు. రిటైర్మెంటు డబ్బంతా ఎక్కడెక్కడ పెట్టాలో అత్తే పెట్టేసింది. ఒక్క ముక్క మాత్రం పక్కన తీసి, "ఇది నీది, ఏమన్న చేస్కో" అంది. పెళ్లయ్యాక ఆ మాట అనడం అదే మొదటిసారి. చివరిసారని కూడా అప్పుడే చెప్పింది.

"కొనుక్కో. కానీ మోసపోయినవనుకో, ఇగ వాచీ అన్న మాట ఈ ఇంట్ల వినబడొద్దు. ఇంకో వాచీకి పైసలూ లేవు, నాకు ఓపికా లేదు."

అంటే ఒక్కటే వాచీ, ఒక్కటే ఛాన్సు. దొంగది తగిలితే డబ్బుతో పాటు ఆ కథ కూడా పోతుంది. ఆ తర్వాత ఏ ఫంక్షన్లో మామ ఆఫీసరు సంగతి ఎత్తినా, ఎవరో ఒకరు ఈ వాచీ సంగతి ఎత్తుతారు. మా చుట్టాలు అంత మంచివాళ్లు.

"నువ్వు జర చూడు బిడ్డా" అని ఫోన్ నా చేతికిచ్చాడు మామ. సరస్వతీ పూజ మొదలైంది.

అప్పుడు మాకు క్లాసులో రిస్క్ మేనేజ్‌మెంట్ అనే పేపరు నడుస్తోంది. సారు స్లైడు మీదున్న ముక్కల్ని మాకు చదవడం రాదేమోనన్న దయతో తనే పైకి చదివి వినిపించేవాడు. నేను వెనక బెంచీలో కూర్చుని అసలు రిస్కు చూసేదాన్ని.

వేలం యాప్ అంటే ఎంత పవిత్రమైన చోటో అప్పుడే తెలిసింది. ఒకాయనకు తొంభైతొమ్మిది శాతం మంచి పేరుంది. ఎంత మంచివాడో అనుకుని కొన్నవాళ్లు రాసిన మాటలు ఒక్కొక్కటీ చదివాను. అందరూ కొన్నది ఫోన్ కవర్లు, పరదా కొక్కేలు. కొక్కేలు బాగున్నాయట, టైముకొచ్చాయట. కొక్కేల మీద సంపాదించిన ఆ పరువుతో ఆయన నిన్న మధ్యాహ్నం నుంచి స్విస్ వాచీలు అమ్ముతున్నాడు. ఇంకొకాయన పెట్టిన ఫొటో తీసుకుని నెట్లో వెతికితే అదే ఫొటో జైపూర్లో ఒకడి దగ్గర, సూరత్‌లో ఒకడి దగ్గర దొరికింది. అదే టేబుల్ క్లాత్, దాని మీద అదే వెంట్రుక. ఒక వాచీ నాకంటే వయసులో పెద్దది, డయల్ మాత్రం నిన్న బార్సాల చేసుకున్నట్టు మెరుస్తోంది. గీకేసి మళ్లీ రంగేశారన్నమాట. ఇంకోదానికి పాట జోరుగా పెరుగుతుంటే, పెంచుతున్నవాళ్లెవరా అని చూశాను. ముగ్గురూ ఆ వారమే పుట్టిన అకౌంట్లు, ముగ్గురికీ ఇదే అమ్మకందారు వస్తువుల మీదే ప్రేమ.

"ఒరిజినల్ డబ్బ, కాగితాలు అన్ని ఉన్నయట ఇగో" అని మామ ఒకటి చూపించాడు.

"మామా, ఉత్త డబ్బాలు కూడా ఇదే యాప్‌లో అమ్ముతున్నరు. ఇగో చూడు. వాచీ లేదు, డబ్బా ఉన్నది, కొనుక్కో."

"ఉత్త డబ్బ ఎవడు కొంటడే?"

"దొంగ వాచీ ఉన్నోడు కొంటడు."

మామ చాలాసేపు ఆ ఖాళీ డబ్బా ఫొటో చూస్తూ కూర్చున్నాడు. మనుషుల మీద నమ్మకం పోవడానికి తార్నాకలో అన్నం తిన్నాక పావుగంట చాలు.

ఇలా తీసేయగా తీసేయగా ఇద్దరు మిగిలారు. ఇద్దరి దగ్గరా మామకు కావలసిన ఆ నల్ల డయల్ వాచీయే ఉంది. మొదటివాడికి నేను బెల్లం సారు అని పేరు పెట్టాను. మామ ఒక్క మెసేజ్ పెడితే ఆయన నాలుగు పెట్టేవాడు. అన్నిట్లోనూ అంకుల్. గుడ్ మార్నింగ్ అంకుల్, ఆరోగ్యం జాగ్రత్త అంకుల్. ఒకరోజు నేను వెళ్లేసరికి మామ మొహం వెలిగిపోతోంది.

"వాళ్ల నాయన కూడ రైల్వేనట బిడ్డా! లోకో పైలట్!"

"నువ్వు రైల్వే అని చెప్పకముందు చెప్పిండా, చెప్పినంక చెప్పిండా?"

"చెప్పినంకనే."

"మరి?"

"మరేంది? రైల్వే మనిషి అబద్ధం ఆడ్తడా?"

"రైల్వే మనిషి ఆడడు మామా. వీడు రైల్వే మనిషని ఎవరు చెప్పిండ్రు?"

"వాడే చెప్పిండు కదా" అన్నాడు మామ, నాకు చెవుడేమోనన్నట్టు చూసి.

రెండోవాడు మిరపకాయ. ఇంత కటువైన అమ్మకందారును నేనింతవరకు చూడలేదు. వాచీ కింద ఆయన రాసిందంతా ఇది: "గాజు మీద నాలుగో గీత దగ్గర గీరుకుపోయింది, ఫొటో మూడు చూడండి. పట్టీ కంపెనీది కాదు. రోజుకు పది సెకన్ల దాకా వెనకబడుతుంది. సర్వీసు ఎప్పుడు చేయించారో తెలియదు. డబ్బా లేదు. కొన్న కాగితం ఉంది, దాని మీద నంబరూ వాచీ మీద నంబరూ ఒకటే, ఫొటో ఐదు చూడండి. సరిపోలకపోతే యాప్ నియమం ప్రకారం వాపసు. అనవసరంగా మెసేజ్ చేయవద్దు."

"వీడు అమ్ముతుండా, తిడుతుండా?" అన్నాడు మామ.

"ఇదే మంచిది మామా. తొమ్మిదేళ్ల నుంచి వాచీలే అమ్ముతున్నడు. కొన్నోళ్లందరు మనిషి దురుసు, వస్తువు కరెక్ట్ అని రాసిండ్రు."

"వెనకపడ్తదని వాడే రాసిండు కదనే. రోజుకు పది సెకన్లు! వారానికి నిమిషం దాటుతది. గసొంటి వాచీ పెట్టుకొని డ్యూటీకి పోతే మెమో ఇస్తరు."

"ఇప్పుడు నీకు ఎవరిస్తరు మెమో?"

"మీ అత్త ఇస్తది" అని వంటింటి వైపు చూశాడు.

ఆ వెంటనే బెల్లం సారు పంపిన వీడియో చూపించాడు. వాచీని ల్యాప్‌టాప్ పక్కన పెట్టి తీశాడు. తెర మీద టైము, వాచీలో టైము ఒకటే. సెకండ్ ముల్లు టక్, టక్, టక్ అని ల్యాప్‌టాపుతో అడుగు కలిపి నడుస్తోంది. మామ తన డ్యూటీ వాచీ విప్పి ఫోన్ పక్కన పెట్టాడు. రెండు వాచీల సెకండ్ ముళ్లూ ఒకేసారి కదిలాయి. గుళ్లో హారతి చూసినట్టు చూశాడు.

"బరాబర్. సెకను తప్పలే."

"మామా! ఆటోమేటిక్ అని రాసిండు వాడు. ఆటోమేటిక్ వాచీ లోపల స్ప్రింగు ఉంటది. దాని సెకండ్ ముల్లు జారుకుంట పోతది, గిట్ల ఆగి ఆగి దుంకది. దీంట్ల ఉన్నది సెల్లు. వందల రూపాయల మిషను. పైన పేరొక్కటే పెద్దది."

"సెల్లుంటే ఏందట? టైం కరెక్టుగ చూపిస్తున్నదా లేదా?"

"దొంగది కాబట్టే కరెక్టుగ చూపిస్తున్నది!"

ఆ వాక్యం నా నోట్లోంచి వచ్చాక నాకే వినసొంపుగా లేదు. మామ అత్తను పిలిచాడు. "విన్నవా? కరెక్ట్ టైం చూపించేది దొంగ వాచీ అట. తప్పు చూపించేది అసలుదట. పీజీ చదువుతున్నది."

"మీ ఆఫీసర్ వాచీ కూడ తప్పే చూపించింది కదా! అందుకే కదా నిన్నడిగిండు!"

"ఆయన సూస్కోలే" అన్నాడు మామ గట్టిగా. ఆఫీసర్ వాచీని అంటే దేవుణ్ణి అన్నట్టే.

నేను కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచొచ్చేశాను. తార్నాక చౌరస్తా దాకా వచ్చినా కోపం దిగలేదు. ఎవరి మీదైనా పెట్టాలి. ఫోన్ చేతిలోనే ఉంది. ముందురోజు మిరపకాయను ఇంకో రెండు ఫొటోలు అడిగాను, అప్పుడే జవాబొచ్చింది. "అన్నీ పెట్టాను. చదువుకోండి." నేను "అసలు అమ్మాలని ఉందా లేదా?" అని కొట్టాను. "మీకు లేదు" అని వచ్చింది. ఆ తర్వాత ఏం రాసినా పోవడం లేదు. బ్లాక్ చేసేశాడు. మా కుటుంబంలో అందరికంటే తెలివైన ఫోను ఇప్పుడు ఆ వాచీ వేలంలో పాల్గొనడానికి పనికిరాదు. మా అమ్మ విని ఉంటే పాయసం వండేది.

రెండు రోజులు అటు వెళ్లలేదు. మూడోనాడు క్లాసులో ఉండగా మామ ఫోన్ చేశాడు. కట్ చేశాను. మళ్లీ చేశాడు. బెంచీ కిందికి వంగి ఎత్తాను.

"బిడ్డా, ఫోన్ల పైసలు పంపేదానికి లిమిట్ ఉంటది కదా. అది పెంచుడెట్ల?"

"ఎవరికి పంపుతున్నవ్?"

"గదే, లోకో పైలట్ కొడుకుకు. యాప్ వాళ్లు కమీషన్ తింటరట. యాప్ బయట డైరెక్టుగ పంపితే అది నాకే తగ్గిస్తడట. సాయంత్రం ఇంకో పార్టీ వస్తున్నదట."

నేను ఏమన్నానో గుర్తులేదు కానీ సారు స్లైడు చదవడం ఆపారు. రిస్కు వల్ల తరగతి గది నుంచి బయటికి పంపబడిన మొదటి విద్యార్థిని నేనే అయ్యుంటాను. కారిడార్లోకి వచ్చి, "మామా, ఫోన్ ముట్టుకోకు. సీదా క్యాంపస్‌కు రా" అన్నాను. అలిగి ఉన్నా మనిషికి డ్యూటీ పిలుపంటే గౌరవం. "పద్నాలుగు నలభైకి క్యాంటీన్ కాడ ఉంటా" అన్నాడు. ఉన్నాడు.

క్యాంటీన్ మెట్ల మీద కూర్చున్నాం. చుట్టూ జెరాక్సుల కట్టలతో పిల్లలు, గ్రూప్స్ ప్రిపరేషన్ వాళ్ల చర్చలు. మామ చెమటకు తడిసిన తెల్లచొక్కాలో, రెండు చేతులతో ఫోన్ పట్టుకుని, నా వైపు చూడకుండా కూర్చున్నాడు.

"ఫస్టు ఒక పని చెయ్యి" అన్నాను. "ఇద్దరికి ఒకే మెసేజ్ పెట్టు. ఇయ్యాల్టి పేపరు మీద వాచీ పెట్టి, పక్కన చీటీ మీద నీ పేరు రాసి, ఫొటో తీసి పంపుమను."

మామ ఒక వేలితో ఇంగ్లీషులో టైపు చేశాడు. ప్లీజ్ అరేంజ్, ఎర్లీ రిప్లై, రిగార్డ్స్, గార్డ్ రిటైర్డ్. కంట్రోల్ ఆఫీసుకు పెట్టే మెసేజ్ కంటే ఒక్క ముక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు.

బెల్లం సారు వెంటనే పలికాడు. "అంకుల్, నమ్మకం ముఖ్యం అంకుల్. మీకు నమ్మకం లేకపోతే వద్దులెండి. మీరు మా నాన్నలాంటివారని ఆపి ఉంచా."

"చూసినవా, పిల్లగాడు బాధపడ్డడు" అన్నాడు మామ.

మిరపకాయ చాలాసేపు పలకలేదు. టీ తెచ్చుకుని తాగడం అయ్యాక ఒక ఫొటో వచ్చింది. మాటల్లేవు. ఆనాటి పేపరు, దాని మీద వాచీ, పక్కన చీటీ. నేను పెద్దది చేసి చూశాను. నాలుగో గీత దగ్గర అదే గీరు.

మామ చూశాడు. ఫోన్ తీసుకుని ఒళ్లో బోర్లా పెట్టుకున్నాడు. నా కోపాన్ని నేను ఎంత కష్టపడి మింగానో ఆ టీ గ్లాసుకు తెలుసు. మెల్లగా అడిగాను.

"మామా, నీకొక పాత గూడ్స్ బండి అప్పజెప్పుతున్నరు అనుకో. దేశమంత తిరిగొచ్చిన బండి. బండి ఫిట్ అని నీ చేతికి కాగితం ఇస్తరు కదా. దాంట్ల ఒక్క రిమార్కు కూడ లేదు. అంత బ్రహ్మాండం. సంతకం పెట్టి ఎక్కుతవా?"

"ఎట్ల ఎక్కుతనే?" వెంటనే అన్నాడు. "పాత బండికి రిమార్కు లేకుంట ఉంటదా? లేదంటే బండి మంచిగున్నదని కాదు. ఎవడు వంగి సూడలేదని. లేకుంటే సూసి కూడ రాయలేదని. నేనైతే దిగి చివరిదాక నడిచి…"

ఆగాడు. నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో అది అరుదైన ఘట్టం.

మామ కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి పెట్టుకున్నాడు. మిరపకాయ రాసింది మళ్లీ తెరిచాడు. పెదాలు కదుపుతూ, వేలు ఒక్కో ముక్క మీద ఆపుతూ చదివాడు. గాజు మీద గీరు. పట్టీ కంపెనీది కాదు. రోజుకు పది సెకన్ల దాకా వెనక.

"వీడు వంగి సూసిండు" అన్నాడు.

"మరి లోకో పైలట్ కొడుకు?"

"వాడు ఏ లోకో పైలట్ కొడుకైతే నాకేంది" అని విసుక్కున్నాడు. బెల్లం సారుకు జవాబు పెట్టలేదు, తిట్టలేదు కూడా. "తిట్టు మామా, నేను టైప్ చేస్త" అన్నాను. "నువ్వు తిట్టినోళ్ల సంగతి సూసిన కదా, బ్లాక్ చేస్తుండ్రు" అన్నాడు. ఆ ముక్క అప్పటికే ఇంట్లో అందరికీ చేరిందన్నమాట.

మిరపకాయ వేలం ఆ సాయంత్రమే ముగుస్తుంది. అందాకా ఆ మెట్ల మీదే ఉన్నాం. ముందు ఎంతవరకు పోవాలో మామతో ఒట్టేయించాను. వేలంలో మనిషి వాచీని కాదు, పక్కవాడి మీద గెలుపును కొంటాడు. ఇది నాకెలా తెలుసంటే నా స్వభావం నాకు తెలుసు కాబట్టి. మామ తల ఊపాడు. అప్పటికే ఇంకొకడెవడో పాట పాడి ఉన్నాడు.

"ఇప్పుడే కొట్టు మామా!"

"ఆగు."

"వాడు ముందున్నడు!"

"ఉండనీ. ఇప్పుడు కొడితే వాడు మల్ల కొడ్తడు. ఇద్దరం కలిసి రేటు పెంచుడే. సిగ్నల్ పడకుండ బండి కదల్దు."

డ్యూటీ వాచీ విప్పి అరచేతిలో పెట్టుకున్నాడు. రెండో చేతిలో ఫోన్. యాప్‌లో తగ్గుతున్న టైమునూ తన వాచీనీ మార్చి మార్చి చూసి, "మీ యాప్ ఒక సెకను ఫాస్టున్నది" అని తేల్చాడు. నిమిషాలు అయిపోతున్నాయి. క్యాంపస్‌లో నెట్‌వర్క్ సంగతి అందరికీ తెలిసిందే, పరీక్ష ఫలితాల రోజు లాగే ఆ రోజూ ఒక గీత వస్తోంది, పోతోంది. నేను లేచి నిలబడ్డాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను. "మామా, నీ కాళ్లు మొక్కుత, కొట్టు!" మామ కదల్లేదు. సోఫాలో కూర్చునే మనిషి కాదు అక్కడున్నది. వెన్ను నిటారుగా ఉంది, చూపు ముల్లు మీద ఉంది, నేనొకదాన్ని ఉన్నానన్న సంగతే లేదు.

నొక్కాడు.

తెర మీద సున్న తిరిగింది. తిరుగుతూనే ఉంది. నా ప్రాణం కూడా దాంతోపాటే తిరిగింది. ఆగాక, గెలిచారు అని వచ్చింది.

నేను అరిచిన అరుపుకు గ్రూప్స్ ప్రిపరేషన్ మొత్తం ఆగింది. మామ మాత్రం లేచి నిలబడి, కుడిచెయ్యి పూర్తిగా చాచి, మెల్లగా అటూ ఇటూ ఊపాడు. చేతిలో జెండా లేదు, చెమట తుడుచుకునే కర్చీఫ్ ఉంది. ఎదురుగా మెట్లు దిగుతున్న ఒకమ్మాయి తనకే అనుకుని చెయ్యి ఊపి వెళ్లింది.

పార్సిల్ వచ్చిన రోజు, విప్పడం మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయాలని పట్టుబట్టాను. దొంగ సరుకు వస్తే వాపసుకు అదే సాక్ష్యం. అత్త తీసింది. ఆ వీడియోలో ఎక్కువ భాగం అత్త బొటనవేలు, మిగతా భాగం "జర నిమ్మలంగ కొయ్యయ్యా, చెయ్యి తెగుతది" అన్న అత్త గొంతు. నంబర్లు కలిశాయి. అయినా నాకు చాలలేదు. వాపసు గడువు దాటకముందే సికింద్రాబాదులో ఆ కంపెనీ సర్వీసు చేసే షాపుకు తీసుకెళ్లాను. వెనక మూత విప్పి చూసి లోపలి మిషను కంపెనీదేనన్నారు, పట్టీ మాత్రం కాదన్నారు.

"రాసినట్టే" అన్నాడు మామ. వాచీ అసలుదని తేలినందుకన్నా పట్టీ కాదని తేలినందుకే ఎక్కువ సంతోషపడ్డట్టు కనిపించాడు.

బెల్లం సారు అదే పేరుతో ఇప్పుడు కెమెరాలు అమ్ముతున్నాడు. వాళ్ల నాన్న ఈపాటికి ఫొటో స్టూడియో పెట్టి ఉండాలి.

వాచీ చెప్పినట్టే వెనకబడుతోంది. ఒకరోజు ఎనిమిది సెకన్లు, చలి ఉన్న రోజు ఇంకాస్త ఎక్కువ. సర్వీసు చేయిస్తే తగ్గుతుందని షాపువాళ్లు అన్నారు. మామ వద్దన్నాడు. డ్యూటీ వాచీ సెల్లు అయిపోతే కొత్తది వేయించలేదు. సెల్లు షాపు మెట్ల కిందే ఉంది.

ఇప్పుడు రోజూ సరిగ్గా సాయంత్రం నాలుగింటికి నా ఫోన్ మోగుతుంది. ఆ టైముకు నాకు క్లాసుంటుంది. సారు నా వైపు చూస్తారు, నేను తలుపు వైపు నడుస్తాను. కారిడార్లో నిలబడి ఎత్తుతాను.

"బిడ్డా, టైం ఇయ్యి."

"నీ ఫోన్ల ఉండదా టైం? గోడ మీద గడియారం లేదా? నాకు క్లాసున్నది మామా!"

"నీ ఫోన్ టైమే కరెక్టు. జల్దియ్యి, ముల్లు పట్టుకొని కూసున్న."

కోపంగానే ఇస్తాను. పదహారు గంటలు, సున్నా ఒకటి, ఇరవై సెకన్లు. అవతల చిన్నగా టిక్కుమని వాచీ పక్కనున్న మీట లోపలికి నొక్కిన చప్పుడు వినిపిస్తుంది. ఆ వెనకే అత్త గొంతు.

"గన్ని పైసలు పోసి వాచీ కొని, టైం మాత్రం కోడల్నడుగుతడు. సిగ్గన్న ఉండాలె."

"నీకేం తెలుసే" అంటాడు మామ, ఫోన్ పెట్టేయకుండానే. "పెద్ద వాచీలోళ్లందరు గంతే."